అమ్మ మడమ వాపు: ఛాతీ ఎక్స్‌రే బాగుంటే టీబీ ఎలా అవుతుంది?

మున్నేటి ఒడ్డు:
రాత్రి తొమ్మిదింటి నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నా, ఇప్పుడు రెండు దాటింది. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. అమ్మకి ఎనిమిది నెలలుగా కుడి మడమ వాపు. మొదట బెణుకన్నారు, కట్టు కట్టారు. తర్వాత యూరిక్ ఆసిడ్ అన్నారు, చూస్తే మామూలుగానే ఉంది. ఇప్పుడు కొత్త డాక్టరు ఎంఆర్‌ఐ చూసి టీబీ అనుమానం, కీహోల్ ఆపరేషన్ చేసి ముక్క తీయాలంటున్నారు. అమ్మకి దగ్గే లేదు, ఛాతీ ఎక్స్‌రే బాగుంది. మరి టీబీ ఎలా వస్తుంది? అంత అనుమానముంటే మాత్రలే మొదలుపెట్టొచ్చు కదా? పొద్దున పదింటికి సంతకం పెట్టమన్నారు. ఎవరైనా చెప్పండి.

పదాల పెట్టె:
తమ్ముడూ, మడమా, చీలమండా? మడమంటే నేలకి ఆనే వెనక భాగం. పాదమూ కాలూ కలిసే కీలు చీలమండ.

మున్నేటి ఒడ్డు:
చీలమండేనండీ. మా ఇంట్లో రెంటినీ మడమే అంటాం. ఇప్పుడదా ముఖ్యం?

పదాల పెట్టె:
ముఖ్యమే. మడమ ఎముకకి పట్టిన జబ్బు వేరు, కీలుకి పట్టింది వేరు. సంతకం పెట్టే కాగితంలో ఏ కాలు, ఏ చోటు అని రాశారో చదువు.

ల్యాబ్ బల్ల:
ముక్కలన్నీ ఫార్మాలిన్‌లో వేయనివ్వకండి, ముక్కని పాడవకుండా ఉంచే ఆ మందునీళ్లు క్రిమిని చంపేస్తాయి. కొన్ని సెలైన్‌లో, అంటే శుభ్రమైన ఉప్పునీళ్లలో వేయించండి.

ఆస్పత్రి వరండా:
బాబూ, ముందు ఇది చెప్పు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా? ఆ కీలులోకి సూది వేశారా?

మున్నేటి ఒడ్డు:
నాన్నకి నాలుగేళ్ల కింద ఊపిరితిత్తుల టీబీ. పూర్తిగా తగ్గిపోయింది, అందుకే రాయలేదు. సూది వేశారు, స్టెరాయిడ్ అనుకుంటా. పది రోజులు హాయిగా నడిచింది, తర్వాత ఇంకా వాచింది.

ఆస్పత్రి వరండా:
ఆ రెండూ పొద్దున డాక్టరుకి తప్పకుండా చెప్పు. నాన్న దగ్గర నుంచి క్రిమి అమ్మ ఊపిరితిత్తుల్లో చేరి, ఏ లక్షణమూ లేకుండా ఉండిపోయి, రక్తం వెంట కీలుకి చేరి ఉండొచ్చు. కీళ్ల టీబీ వచ్చిన చాలామందికి ఛాతీ ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. స్టెరాయిడ్ వాపుని కాసేపు అణిచి, క్రిమికి మేలు చేస్తుంది.

మాత్రలు ముందే మొదలుపెడితే ముక్కలో క్రిమి దొరకడం కష్టమవుతుంది. మందుకి లొంగని రకమైతే ఏడాది వృథా. ఈ ఆపరేషన్‌లో చీలమండ ముందువైపు, లోపలి పక్కనొకటి, బయటి పక్కనొకటి చిన్న రంధ్రాలు పెడతారు. ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో పరికరం. ఉబ్బిన కీలు పొరని కళ్లతో చూస్తూ ముక్కలు తీస్తారు, చెడిన పొరని గీకి కడుగుతారు. బయటి పక్క రంధ్రం దగ్గర ఒక నరం పోతుంది, పాదం పైన తిమ్మిరి రావొచ్చేమో అడుగు. జబ్బు తగ్గించేది మాత్రం మందులే.

టెస్ట్ చేయించు:
కోత ఎందుకు? రక్తంలో టీబీ గోల్డ్ చేయిస్తే తేలిపోతుంది.

ల్యాబ్ బల్ల:
తేలదు. క్రిమి ఒంట్లోకి ఎప్పుడో వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఫార్మాలిన్ ముక్క సూక్ష్మదర్శినికి. సెలైన్ ముక్క సీబీనాట్‌కి (క్రిమి జన్యువుని వెతికే పరీక్ష), కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్ష). సీబీనాట్ గంటల్లో రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందో లేదో చెబుతుంది. కల్చర్‌కి ఆరు వారాలు. సీబీనాట్‌లో లేదన్నా టీబీ కాదనుకోవద్దు.

గుడ్డూ పాలూ:
అన్నయ్యా, టీబీ అని తేలితే మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. పేరు నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ టీబీ రోగుల నమోదులో ఎక్కించు. 2018లో నెలకి 500 రూపాయలతో పోషణ సాయం మొదలైంది, 2024 నవంబరు నుంచి 1000 అయింది. మా అత్తకి ఎముకల టీబీ. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత పది నెలలు మూడు. మూత్రం నారింజ రంగులోకి వస్తే హడలిపోయాం, అది మందు రంగే. రోజూ గుడ్డు పెట్టు. కంచం, గ్లాసు వేరే పెట్టకండి, మా వాళ్లు పెట్టి ఆవిడని ఏడిపించారు.

పదాల పెట్టె:
అది కీళ్ల టీబీ అనాలి, ఎముకలది కాదు.

గుడ్డూ పాలూ:
మా అత్తది వెన్నెముకండీ. ఎముకే.

మున్నేటి ఒడ్డు:
సంతకం పెట్టాం. సీసాలు రెండు పెడతామన్నారు, కుడి చీలమండ అనే రాశారు. థాంక్స్ అండీ, అమ్మని లోపలికి తీసుకెళ్తున్నారు.

టెస్ట్ చేయించు:
సీబీనాట్‌లో ఏమొచ్చిందో రాయి తమ్ముడూ.