ఫోర్ వీల్ వేస్తే గరగర శబ్దం: గేర్‌బాక్స్ విప్పవలసిందేనా?

నర్సంపేట రైతు:

అందరికీ నమస్కారం. మా వద్ద 27 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ చిన్న ట్రాక్టర్ ఉంది. పత్తి సాళ్ల మధ్య గుంటుక తోలడానికి తీసుకున్నప్పటికీ, చెరువు కింది పొలంలో నాట్లకు ముందు కరిగెట్టుకు కూడా దానినే దింపుతున్నాము. ఈ వానాకాలం నాట్లు పూర్తయిన తరువాత ముందు వైపు నుండి ఇసుక నూరినట్లుగా గరగరమనే శబ్దం మొదలైంది. బండిని నిలిపి ఇంజన్ ఎంత రేజ్ చేసినా ఆ శబ్దం రాదు. కదిలితేనే వస్తుంది, ఫోర్ వీల్ వేస్తే పెరుగుతుంది, చేను చివర ఎడమకు తిప్పినప్పుడు స్టీరింగ్ పట్టుకున్న చేతులకు సన్నని అదురు కూడా తెలుస్తుంది. ఫోర్ వీల్ తీసినా శబ్దం తగ్గుతుందే తప్ప పోదు. అందువల్ల లోపం ముందు ఇరుసులో లేదని, గేర్‌బాక్స్‌లోనే ఉందని, బండిని రెండుగా విడదీయాలని ఇక్కడి మెకానిక్ ఒకరు చెప్పారు. పత్తిలో కలుపు ముదురుతున్న ఈ రోజుల్లో బండి షెడ్డుకు వెళితే మాకు చాలా ఇబ్బంది. విప్పకముందే నిర్ధారించుకునే మార్గం ఉంటే దయచేసి తెలుపగలరు.

జమ్మికుంట ట్రాక్టర్ మెకానిక్:

అన్నా, ఇప్పుడే గేర్‌బాక్స్ విప్పనీయకండి. శబ్దం ఎక్కడ వస్తుందన్న దానికంటే ఎప్పుడు వస్తుందన్నది ముందు తేల్చుకోవాలి. ఇంజన్ నడుస్తూ, గేరు న్యూట్రల్‌లో, పీటీఓ (వెనుక పనిముట్లను తిప్పే షాఫ్ట్) ఆపి ఉన్నప్పుడు క్లచ్ తొక్కగానే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్‌ను, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ను అనుమానించాలి. లిఫ్ట్ లేపినప్పుడు మాత్రమే అరిస్తే హైడ్రాలిక్ ఆయిల్ మట్టాన్ని, ఫిల్టర్‌ను చూడాలి. నిలబడి ఉన్నప్పుడు శబ్దమే లేదంటున్నారు కాబట్టి మీ విషయంలో ఇవి దాదాపు పక్కకు పోయినట్లే.

ఇక ఫోర్ వీల్ తీసినా శబ్దం పోలేదు కాబట్టి ముందు ఇరుసు బాగుందన్న మాటను నేను ఒప్పుకోను. ఫోర్ వీల్ తీసినప్పుడు ఇంజన్ బలం ముందుకు వెళ్లదు గానీ, నేల మీద దొర్లుతున్న ముందు చక్రాలు తమ బేరింగులను, ఇరుసులోని పళ్లచక్రాలను తిప్పుతూనే ఉంటాయి. బరువు లేకుండా తిరుగుతాయి కనుక శబ్దం తగ్గుతుంది, అంతే.

చదునైన చోట ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు మొద్దులు అడ్డం పెట్టండి. ఫోర్ వీల్ తీసి ఉంచి, ఒక్కొక్క ముందు చక్రాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి దిమ్మ పెట్టిన తరువాతే చేయి పెట్టండి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే ఆట (వదులు) తెలుస్తుంది, మెల్లగా తిప్పితే గరుకు చేతికే అందుతుంది. చక్రం గాలిలో ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేయకండి. మరొక్క మాట, ఎడమకు తిప్పితే శబ్దం పెరుగుతుంది కదా అని ఎడమ చక్రాన్నే చూసి ఊరుకోవద్దు. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీదకు మళ్లుతుంది.

తరువాత చక్రం వెనుక ఉన్న గేర్ కేస్ డ్రెయిన్ ప్లగ్‌ను నెమ్మదిగా వదులు చేయండి. నీరు చేరి ఉంటే అడుగున ఉంటుంది కాబట్టి ముందు అదే వస్తుంది, కలిసిపోయి ఉంటే ఆయిల్ పాలలా తెల్లగా ఉంటుంది. ప్లగ్‌కు బూడిద రంగు మెత్తని ముద్ద కొద్దిగా అంటుకోవడం సహజమే. వేళ్ల మధ్య గుచ్చుకునే ఇనుప పొలుసులు కనిపిస్తే మాత్రం బండిని ఇక నడపకండి.

పరకాల నుండి ఒక రైతు:

ఒక విషయం జోడిస్తున్నాను. ఇటువంటి బండ్లలో ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు వెనుక వాటికంటే కొద్దిగా, సుమారు 1 నుండి 5 శాతం వరకు, ముందుగా నడిచేలా పళ్ల లెక్క కట్టి ఉంటుంది. మెత్తటి నేలలో టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది గానీ, తారు రోడ్డు మీద జారలేక ఆ ఒత్తిడంతా ఇరుసు పళ్ల మీద పడుతుంది. ముందు టైర్లు ఈ మధ్య మార్చి ఉంటే సైజు ఒకసారి సరిచూడండి. రోడ్డెక్కగానే ఫోర్ వీల్ తీయడం మీ డ్రైవర్‌కు అలవాటు చేయించండి.

నర్సంపేట రైతు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. టైర్లు పాతవే, సైజులో మార్పు లేదు. మీరు చెప్పినట్లే లేపి చూస్తే ఎడమ చక్రం నున్నగా తిరిగింది. కుడి చక్రం తిప్పితే ఒక చోట ఆగి ఆగి కదిలింది, ఊపితే ఆట కూడా స్పష్టంగా తెలిసింది. ప్లగ్ వదులు చేయగానే ముందుగా బురద రంగు నీరు, ఆ వెనుక తెల్లని ఆయిల్ వచ్చాయి. వేరొక మెకానిక్‌ను పిలిపించి హబ్ విప్పించగా, యూరియా సంచి కుట్టుదారం ఆయిల్ సీల్ అంచు చుట్టూ బిగుసుకుని రబ్బరును కోసివేసింది. లోపలి బేరింగ్ గుండ్లు గుంటలు పడి ఉన్నాయి, పళ్లచక్రాలకు దెబ్బ తగలలేదు. గేర్‌బాక్స్ ముట్టుకోనవసరం రాలేదు. కొత్త సీల్, బేరింగ్ వేయిస్తున్నాము. ఇంకా చూడవలసినవి ఏమైనా ఉన్నాయా?

జమ్మికుంట ట్రాక్టర్ మెకానిక్:

పళ్లు బాగుండడం మంచిదైంది. కేసును డీజిల్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్‌నే లెవల్ ప్లగ్ వరకు పోయించండి. ఇరుసు మీద గాలి వదిలే చిన్న బ్రీదర్ ఉంటుంది, దానిని తప్పక శుభ్రం చేయించండి. పనిలో వేడెక్కిన ఇరుసు చల్లని పొలం నీటిలోకి దిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ గుంజుడుకు సీల్ అంచు నుండే నీరు లోపలికి వస్తుంది. ఎడమ వైపు నున్నగా తిరిగినా అక్కడి ఆయిల్‌ను కూడా ఒకసారి దించి చూడండి, ఎందుకంటే రెండు చక్రాలూ తిరిగింది ఒకే బురదలో. కొద్ది గంటలు నడిపిన తరువాత కుడి వైపు ప్లగ్ మళ్లీ విప్పి, ఆయిల్ తేటగా ఉంటేనే గుంటుకకు పంపండి.