సినిమా సాయంత్రం: రౌడీ రాణి, కాఫీ (Coffy). ఎవరు ఏ పని తీసుకుంటారు?

అందరికీ నమస్తే. మొన్న మీటింగ్‌లో టైం అయిపోయి నా మాట సగంలో ఆగింది, మిగతాది ఇక్కడ రాస్తున్నా. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ గారి 'రౌడీ రాణి'లో తనవాళ్లను చంపినవాళ్ల వెంట పడేది విజయలలిత. 1973లో ఇక్కడ అమెరికాలో జాక్ హిల్ 'కాఫీ' తీశాడు, అందులో పామ్ గ్రియర్ నర్సు, చెల్లెల్ని హెరాయిన్‌లోకి దింపిన ముఠా మీదికి తుపాకీ పట్టుకుని వెళ్తుంది. మనది మూడేళ్ల ముందే వచ్చింది! మనవాళ్లలో చాలామందికి దాస్ గారంటే 'మోసగాళ్లకు మోసగాడు' ఒక్కటే గుర్తు, విజయలలితనైతే అసలు తలచుకునేవాళ్లే లేరు. ఆ రెండు సినిమాలూ ఒకే సాయంత్రం వేద్దాం.

> అన్నా, ఐడియా నచ్చింది కానీ కాఫీ 'ఆర్' రేటింగ్ కదా, పిల్లలూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలూ ఉంటారు, నాకు అదే టెన్షన్. పోస్టర్ కూడా కాస్త మసాలాగా, నవ్వొచ్చేలా చేయమంటున్నారు, చేయనా?

నువ్వన్నది నిజమే తమ్ముడూ. 4 గంటలకు రౌడీ రాణి అందరికీ, తర్వాత భోజనాలు, 8కి కాఫీ పెద్దవాళ్లకే. అందులో నగ్నత్వం, రక్తపాతం ఉన్నాయని పోస్టర్ మీదే రాసేయ్. నవ్వులాట మాత్రం వద్దు. కాఫీ లాంటి ఆనాటి నల్లజాతి యాక్షన్ సినిమాలకు 'బ్లాక్స్‌ప్లాయిటేషన్' (బ్లాక్, ఎక్స్‌ప్లాయిటేషన్ కలిపిన మాట, అంటే నల్లవాళ్లను వాడుకోవడం) అన్న పేరు తిట్టుగానే పుట్టింది, 1972లో నల్లజాతి సంఘాలే కూటమి కట్టి, మా వాళ్లను ఎప్పుడూ దళారులుగా, మత్తుమందు అమ్మేవాళ్లుగానే చూపిస్తారా అని నిలదీశాయి. ఇంకోపక్క అవే సినిమాల వల్ల ఎందరో నల్లజాతి నటులకు మొదటిసారి ముఖ్యపాత్రలు దొరికాయి. కాఫీ కూడా వ్యాపారం లెక్కల్లో పుట్టిందే: నల్లజాతి హీరోయిన్‌తోనే తీసిన 'క్లియోపాత్రా జోన్స్' సినిమా చేజారి వార్నర్ బ్రదర్స్‌కి పోయిందని, దానికంటే ముందే హాళ్లలో పడాలని అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వాళ్లు తక్కువ ఖర్చులో దీన్ని తీయించారు. అయినా పామ్ గ్రియర్ తెర మీదికొస్తే ఆ లెక్కలేవీ గుర్తుండవు. ఇదంతా షోకి ముందు పది నిమిషాలు చెప్పాలి, మన లైబ్రరీలో సినిమా క్లబ్ నడిపే నల్లజాతి అక్కను పిలుద్దాం, ఆవిడ ఒప్పుకుంటే నేను మాట్లాడను, వింటాను.

> అన్నా, లైబ్రరీ డీవీడీ తెచ్చి వేసేద్దామా?

కుదరదమ్మా, హాల్లో పదిమందికి చూపించాలంటే ప్రదర్శన హక్కు విడిగా కొనాలి. రెండు సినిమాల సంగతీ నేను కనుక్కుంటా. రౌడీ రాణికి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ మనమే రాయాలి, తలా ఇరవై నిమిషాలు తీసుకుంటే ఆరేడుగురు చాలు. మొదటి ఇరవై నావి. మిగతావి ఎవరెవరికి కావాలో శుక్రవారంలోగా కింద రాయండి.