ఎకరంన్నర కుంటలో క్రాపీ చేపలు: ఉంచాలా, తీసేయాలా?

అమెరికాలో సొంత కుంటలో చేపలు పెంచేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. తూర్పు టెక్సాస్‌లో మేం కొన్న పొలంలో ఎకరంన్నర కుంట ఉంది, పాత ఓనరు అందులో బాస్ (చిన్న చేపల్ని వేటాడి తినే చేప), బ్లూగిల్ అనే చిన్న చేపలతో పాటు వైట్ క్రాపీ కూడా వదిలాడట. ఇప్పుడు గాలం వేస్తే పడేవన్నీ ఐదారు అంగుళాల క్రాపీలే, శుభ్రం చేసి ముళ్ళు తీసేసరికి వేపుడికి ఏమీ మిగలదు.

చిన్న కుంటల్లో ఇవి విపరీతంగా పిల్లలు పెట్టి తిండి చాలక గిడసబారిపోతాయని, బాస్ పిల్లల్ని కూడా తినేస్తాయని చదివాను. వీటిని అదుపులో ఉంచాల్సింది బాసే, కానీ మా నీళ్ళు ఎప్పుడూ బురదగా ఉంటాయి, బాస్ కంటిచూపుతో వేటాడే చేప కాబట్టి ఆ మురికిలో దానికి పెద్దగా దొరకదేమో అని నా అనుమానం.

పడిన ప్రతి క్రాపీనీ తీసేస్తూ, బాస్‌ని మాత్రం తిరిగి వదిలేస్తే రెండు మూడేళ్ళలో మార్పు కనిపిస్తుందా? లేక నీళ్ళు తోడేసి మళ్ళీ మొదలుపెట్టడమే నయమా? అలా చేస్తే తక్కువగా పిల్లలు పెట్టే హైబ్రిడ్ క్రాపీ వేయమంటున్నారు, ఎవరైనా వేసి చూశారా అండీ?

ఇంకోటి, వసంతంలో ఒడ్డు దగ్గర బాగానే పడతాయి గానీ ఎండాకాలం వస్తే మాయం. దేవదారు కొమ్మలు ముంచి పెడితే అక్కడ చేరతాయంటారు, ఎంత లోతులో ముంచాలి? ఎరగా బతికున్న మిన్నో (చిన్న చేప) మేలా, చిన్న జిగ్ (బరువు తలతో ఉండే కృత్రిమ ఎర) మేలా?