కూరగాయల మడికి పంజరం: ఏ సైజు కన్నున్న వల వేయాలి?

ఇంటి వెనక 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న మడి ఉంది. సగంలో క్యాబేజీ, క్యాలీఫ్లవర్, మిగతా సగంలో దోస, బీర. లేత ఆకుల్ని పక్షులు పొడిచేస్తున్నాయని పీవీసీ పైపుల్ని కమాన్లుగా వంచి, 20 మిల్లీమీటర్ల కన్నున్న పక్షుల వల కప్పాను. పక్షుల బెడద తీరింది. కానీ తెల్ల సీతాకోకచిలుకలు రెక్కలు ముడుచుకుని ఆ కన్నుల్లోంచే దూరుతున్నాయి. క్యాబేజీ ఆకు తిప్పి చూస్తే అడుగున పసుపుపచ్చ గుడ్లు, మొవ్వలో పచ్చ పురుగులు. చేత్తో ఏరినా తగ్గట్లేదు.

తర్వాత వల తీసేసి దోమతెర గుడ్డ వేశాను. పురుగు బాగా తగ్గింది. అయితే గాలికి గుడ్డ తెరచాపలా ఉబ్బి పైపులు ఒరిగిపోతున్నాయి. అంతకంటే బాధ ఏంటంటే, తేనెటీగలు లోపలికి రాక దోస పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దితే పిందె నిలుస్తోంది. కానీ దోస పూలకు పొద్దున్నే, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి వాటికి అప్పుడు, రెండు పూటలా ఇదే పని. రోజూ కుదరదు.

ఇప్పుడు 6 అడుగుల ఎత్తు, తలుపు ఉన్న అల్యూమినియం పంజరం కొందామనుకుంటున్నాను. అంత ఎత్తుంటే వల ఆకులకు ఆనదు, బయట వాలి గుడ్లు పెట్టే వీలుండదు. 7 మిల్లీమీటర్ల కన్నయితే ఈ సీతాకోకచిలుకలు ఆగుతాయి, గాలీ ఆడుతుంది.

వాడినవాళ్లు చెప్పండి: మడి మొత్తానికీ 7 మిల్లీమీటర్ల వల వేస్తే దోస, బీర కాసేంతగా తేనెటీగలు లోపలికి వస్తాయా, లేక క్యాబేజీ సగానికే పంజరం వేయడం మంచిదా?