పెరట్లో చేపల తొట్టికి ఇంట్లోనే ఫిల్టర్ చేసుకోవచ్చా?

పెరటితోట_కాకినాడ:
అందరికీ నమస్తే. జామచెట్టు పక్కన 6 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు సిమెంటు తొట్టి కట్టించా, నీళ్లు 2 అడుగులుంటాయి, 5 కోయి చేపలు (రంగురంగుల అలంకార చేపలు), 6 గోల్డ్ ఫిష్‌లు వేశా. నీళ్లు మార్చిన నాలుగో రోజుకే పాలకూర రుబ్బి కలిపినట్టు అయిపోతున్నాయి. వారం వారం మొత్తం తోడేసి, బ్రష్షుతో రుద్ది కుళాయి నీళ్లు పడుతున్నా, అయినా మొన్న రెండు గోల్డ్ ఫిష్‌లు పోయాయి. షాపులో ఫిల్టర్ రేటు విని వెనక్కొచ్చేశా. ఇంట్లో 50 లీటర్ల డ్రమ్ము ఖాళీగా ఉంది, దాంతో అవుతుందా? మా ఆవిడైతే మట్టి పోసి కొత్తిమీర చల్లేద్దాం అంటోంది.

మిద్దెమీద_కలువ:
ముందు ఆ రుద్దుడు ఆపండి సార్. చేపల వ్యర్థం, మిగిలిన మేత వల్ల అమోనియా పుడుతుంది, అది చేపలకి విషం, దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా గోడలకే పట్టుకుని ఉంటుంది, మీరు కడిగేది దాన్నే, పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్ కూడా దాన్ని చంపుతుంది. డ్రమ్ము చాలు. మీ తొట్టిలో 1300 లీటర్ల పైనే ఉంటాయి, గంటకి కనీసం 1000 లీటర్లు తోడే పంపు తీసుకోండి. పంపు తొట్టిలో పెట్టి, దాని పైపు డ్రమ్ము అడుక్కి దించి, చిల్లుల బుట్ట బోర్లించి దాని మీద స్పాంజి, ఆపైన గిన్నెలు తోముకునే ప్లాస్టిక్ పీచు, ఇటుక ముక్కలు. నీళ్లు కిందనుంచి ఎక్కి పైనుంచి తొట్టిలో పడాలి.

కోయి_గుంటూరు:
బయటికెళ్లే పైపు మాత్రం పెద్దది పెట్టండి, లోపలికి ముప్పావు ఇంచీ అయితే బయటికి ఇంచీన్నర. నేను రెండూ ముప్పావే పెట్టా, ఒక్క బాదం ఆకు అడ్డం పడి రాత్రంతా డ్రమ్ము పొర్లి తెల్లారి చూస్తే తొట్టిలో జానెడు నీళ్లు, చేపలన్నీ మూలకి చేరి పక్కకి ఒరిగున్నాయి. అప్పట్నుంచి పంపు ఇటుకల మీద ఎత్తుగా పెడుతున్నా, నీళ్లు అంతకన్నా దిగవు.

పెరటితోట_కాకినాడ:
అమ్మో, మంచి మాట చెప్పారు. రాత్రి పంపు ఆపొచ్చా? కరెంటు బిల్లు భయం.

మిద్దెమీద_కలువ:
ఆపొద్దు, గాలి అందక బ్యాక్టీరియా చస్తుంది. 20 వాట్ల పంపు 24 గంటలు తిరిగినా అర యూనిట్ కాదు. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కుదురుకోడానికి నెల, నెలన్నర పడుతుంది, అందాకా మేత తగ్గించండి. స్పాంజి కడగాలంటే తొట్టి నీళ్లు బకెట్‌లోకి తీసుకుని వాటిలోనే పిండాలి, కుళాయి నీళ్లలో కాదు. ఆ పచ్చదనం ఎండ వల్ల, ఫిల్టర్ ఒక్కటే తీసేయలేదు, సగం తొట్టి కప్పేలా కలువ వేయండి లేదా షేడ్ నెట్ కట్టండి. 5 కోయిలు ఎక్కువే, పెరిగితే మూరెడు దాటుతాయి.

పెరటితోట_కాకినాడ:
పాత గోడ ఇటుకలున్నాయి, సున్నం అంటుకుని ఉంది, వేయొచ్చా?

కోయి_గుంటూరు:
వద్దు, సున్నం దిగితే నీళ్ల పీహెచ్ (క్షార గుణం) పెరుగుతుంది, అప్పుడు అమోనియా ఇంకా విషం. కొత్తవి నాలుగు కొట్టుకోండి.