తలుపు వేయగానే సెట్ గోడంతా ఊగుతోంది, ఏం చేయాలి?

వింగుపక్క:
నాటకం సెట్‌లో వెనక గోడ ఎత్తు 12 అడుగులు. 4 అడుగుల వెడల్పు ఫ్లాట్లు (గోడలా కనిపించే చట్రపు పలకలు) ఐదు. 1×3 అంగుళాల రీపుల చట్రం మీద 4 మి.మీ. ప్లైవుడ్. మధ్య ఫ్లాట్‌లో 7×3 అడుగుల తలుపు ఉంది, తెరవెనక వైపుకి తెరుచుకుంటుంది. పాత్ర కోపంగా బయటికెళ్ళి తలుపు ధడాలున వేసినప్పుడల్లా గోడ మొత్తం అలలా కదులుతోంది, తగిలించిన ఫొటోలు టకటకమంటున్నాయి. అతుకు అతుకుకీ ఒక కొక్కెం బ్రేస్ (వెనకనుంచి గోడకి తగిలించే ఏటవాలు ఊతకర్ర), దాని పాదం మీద 10 కేజీల దిమ్మ పెట్టాం. దిమ్మలు రెట్టింపు చేసినా పెద్ద తేడా లేదు. నేలకి స్క్రూలు కొట్టనివ్వరు. పైగా అంకం మారేటప్పుడు మధ్య ఫ్లాట్‌ని 40 సెకన్లలో తీసేయాలి.

రీపుమేకు:
దిమ్మలు పెంచేముందు ఏది ఊగుతోందో తేల్చుకోండి. ఒకరు తలుపు వేస్తుంటే ఇంకొకరు వెనక కూర్చుని ముందు అడుగు రీపు మీద, తర్వాత బ్రేస్ తగిలిన చోట, ఆ తర్వాత ప్లై నడుమ అరచెయ్యి ఆనించాలి. అడుగు జరిగితే అది జారుడు, పాదాల కింద రబ్బరు షీటు వేస్తే సరి. చట్రం నిలబడి ప్లై మాత్రమే అదిరితే అడ్డరీపులు చాల్లేదని అర్థం. రెండు అడ్డరీపుల మధ్య 4 అడుగులకి మించకూడదు. అడుగు కదలకుండా పైభాగం ఊగితే బ్రేస్‌ది తప్పు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇదే అయ్యుంటుంది.

మీ తలుపు ప్రేక్షకుల వైపున్న ఆపుపట్టీకి కొట్టుకుంటుంది కాబట్టి గోడ ముందుకి తూలుతుంది, బ్రేస్ పాదం పైకి లేవాలని చూస్తుంది. తలుపు నడుమ, అంటే 3.5 అడుగుల ఎత్తున, 40 కేజీల తోపు పడిందనుకోండి: 40×3.5=140. పాదం గోడకి 4 అడుగుల వెనక ఉంటే 140÷4, అంటే 35 కేజీలు చాలు. అదే 2 అడుగుల వెనకుంటే 70 కావాలి. ఎంత బరువన్నది ఎంత ముఖ్యమో, గోడకి ఎంత దూరంలో పెట్టారన్నదీ అంతే ముఖ్యం. గోడ మొదట్లో పెట్టిన దిమ్మ దాదాపు దండగే. పాదం ఎంత దూరంలో ఉందో మీరు రాయలేదు, ముందు టేపు పెట్టి కొలవండి.

ఇంకోటి, కొక్కెం బ్రేస్‌లో ఎంతో కొంత వదులు ఉండనే ఉంటుంది. తలుపు లేని గోడలకి పర్లేదు గానీ తలుపున్న గోడకి పనికిరాదు. తలుపుకి రెండువైపులా ఒక్కో త్రికోణపు ఆసరా చేయించండి: నిలువు రీపు 8 అడుగులు (గోడ ఎత్తులో మూడింట రెండు వంతులు), అడుగు రీపు 4 అడుగులు, వాటిని కలుపుతూ ఏటవాలు రీపు. మూలమూలనా 6 మి.మీ. ప్లై ముక్క. దాన్ని జిగురు పెట్టి స్క్రూలతో బిగించాలి, పై పొర నార అతుకుకి అడ్డంగా పోవాలి. ఫ్లాట్‌కి మూడు బందులతో తగిలించి, అడుగు రీపు వెనక చివర 20 కేజీల ఇసుక సంచి వేయండి. బందుల పిన్నులు ఊడదీసేవిగా ఉండాలి. పిన్నుకి తాడు కట్టి చట్రానికి ముడేయండి, చీకట్లో కిందపడితే దొరకదు.

తెరచాటు:
పైనదంతా సరే గానీ, గోడని గట్టిచేస్తూ పోవడం నాకు నచ్చదు. దెబ్బ గోడకి చేరకుండా చేయడమే సులువు. తలుపుని ఫ్లాట్‌కి తగిలించకండి. గుమ్మాన్ని విడిగా, తన కాళ్ళ మీద తను నిలబడేలా చేసి, ఫ్లాట్‌లో కాస్త పెద్ద ఖాళీ వదిలి అందులో నిలబెట్టండి. చుట్టూ 6 మి.మీ. సందు ఉండాలి. ఆ సందుని ముందువైపు అంచుపట్టీతో కప్పండి. పట్టీని గుమ్మానికి మాత్రమే బిగించాలి, గోడకి ఒక్క మేకు తగిలినా సందు వదిలిన ఫలితం పోతుంది. రీపుమేకు గారు చెప్పిన ఆసరాలు అప్పుడు గుమ్మానికే వస్తాయి, గోడకి మీ పాత బ్రేసులే చాలు.

ఫ్లాట్ అడుగు రీపు తలుపు దగ్గర తెగిపోతుంది కదా, అక్కడ 5 మి.మీ. మందం, 20 మి.మీ. వెడల్పున్న ఇనుప పట్టీ అడ్డంగా వేసి రెండు కాళ్ళకీ బిగించండి. లేకపోతే ఎత్తేటప్పుడు కాళ్ళు ఎడంగా జరిగి చట్రం వంకరపోతుంది.

తీసే వరస: ముందు తలుపు గడియ వేయాలి, తర్వాత ఇసుక సంచులు, గుమ్మం, ఆ తర్వాతే ఫ్లాట్ తీయాలి. గడియ వేయకుండా కదిపితే రెక్క తెరుచుకుని బరువంతా ఒకపక్కకి పోతుంది.

నేపథ్యం:
తలుపు ఎంత బరువో ఎవరూ అడగలేదు! నిజమైన ఇంటి తలుపు తెచ్చి పెట్టుంటే ముందు అది మార్చండి. రీపు చట్రానికి రెండువైపులా 3 మి.మీ. ప్లై వేస్తే చూపుకి తేడా తెలియదు. పక్కల 3 మి.మీ., కింద 10 మి.మీ. ఖాళీ ఇవ్వండి, ఆపుపట్టీ పొడవునా ఫెల్టు అంటించండి. ధడేల్ చప్పుడు తప్పనిసరైతే వింగ్‌లో (వేదిక పక్కన ప్రేక్షకులకి కనిపించని చోట) చిన్న చట్రానికి బరువైన తలుపు బిగించి ఒకరు వేయాలి, వేదిక మీది పాత్ర మెల్లగా మూస్తే సరిపోతుంది. ఇద్దరికీ సమయం కుదిరేదాకా సాధన చేయించాలి, అదొక్కటే తలనొప్పి.

వింగుపక్క:
కొలిచాను, పాదం రెండున్నర అడుగుల దగ్గరే ఉంది. గుమ్మం విడిగానే చేయిస్తాం. ఒక సందేహం: గోడ పైఅంచుని సరిగ్గా దాని మీద వేలాడే కర్టెన్ పైపుకి తాడుతో కట్టొచ్చా?

రీపుమేకు:
వద్దు. పైకీ కిందికీ కదిలే పైపుకి నేలమీది సెట్‌ని ఎప్పుడూ కట్టకూడదు. ఎవరైనా తాడు లాగితే గోడ లేస్తుంది లేదా విరుగుతుంది, కౌంటర్‌వెయిట్ (పైపు బరువుకి సరితూగే ఎదురు బరువు) ఉన్న పైపైతే సమతూకమూ చెడుతుంది. కదలని దూలం ఉంటే, దాని బాధ్యత చూసేవాళ్ళ అనుమతి తీసుకున్నాకే కట్టండి.