అప్‌డేట్: రొయ్యల మీద పూత ఊడటం ఆగింది

విశాఖలో ఫ్రోజెన్ రొయ్యల ట్రయల్‌లో, వేయించగానే పిండి పూత డొల్లలా ఊడిపోతోందని అడిగాను కదా. తప్పు మసాలాది కాదు, తడిది. తేమ నిలిపే ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానిన రొయ్య నుంచి నీరు సరిగా ఓడకపోతే, నూనెలో ఆ నీరు ఆవిరై పూతను లోపలినుంచి నెట్టేస్తుంది.

ఇప్పుడు జల్లెడ మీద 10 నిమిషాలు ఓడ్చి, పొడి పిండి పలచగా అద్ది, ఎక్కువైంది దులిపాకే బ్యాటర్‌లో (జారుగా కలిపిన పిండిలో) ముంచుతున్నాం. బ్యాటర్ 10 డిగ్రీలు దాటకూడదు. వేడెక్కితే చిక్కదనం మారి ట్రే ట్రేకీ పూత బరువులో తేడా. మన ఉక్కపోతకి ఐసునీళ్లు తప్పవు. తర్వాత 180 డిగ్రీల నూనెలో 30 సెకన్లు, ఆపైన రొయ్య నడిమధ్య మైనస్ 18కి దిగేదాకా ఫ్రీజింగ్. లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి, పూర్తిగా వేయించాకే తినాలని ప్యాకెట్ మీద రాయాల్సిందే.

ఉప్పు ఎంత వేయాలో ఇంకా తేలలేదు.